మనది ఏ పక్షము?
– బొంబాయి క్రికెట్టును, తెలుగువారి అభిమానమును గూర్చి –

“మీరు ఎవరి పక్షము?” అను ప్రశ్న వినని తెలుగువాడు ఈ ముంబయి మహానగరమున అరుదు. క్రికెట్టు ఋతువు వచ్చినదనిన చాలు, రైలుపెట్టెలోను, కార్యాలయములోను, దాదరు కూరగాయల బజారులో సైతము ఈ ప్రశ్న తప్పదు. హైదరాబాదు జట్టును మెచ్చుకొన్నచో “ఉండునది ఇక్కడ, కొలుచునది అక్కడనా?” అని పొరుగువారు అందురు. ముంబయి జట్టును మెచ్చుకొన్నచో, సెలవులలో స్వగ్రామమునకు పోయినపుడు “మీరు మరాఠీలే అయిపోయినారు” అని బంధువులు నవ్వుదురు. రెండిండ్ల చుట్టమునకు ఒక పూట భోజనము కూడ దొరకదన్నట్లు ఉండును మన స్థితి.

మొన్నటి వేసవిలో అమెరికానుండి వచ్చిన మా మనుమడు ఈ ప్రశ్ననే మరొక విధముగా వేసెను. వాడు పదేండ్లవాడు; బోస్టను నగరమున పెరుగుచున్నాడు. వానికి క్రికెట్టు అంతగా తెలియదు, బేస్‌బాల్ తెలియును. “తాతా, నీకు గిట్టని జట్టు ఏది?” అని అడిగెను. నచ్చిన జట్టు ఏదని అడుగలేదు; గిట్టని జట్టు ఏదని అడిగెను. వానికి న్యూయార్కు జట్టు గిట్టదట. ఎందుకని అడుగగా, “బోస్టనువారికి గిట్టకూడదు గనుక” అని చెప్పెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ జవాబును వెదకుచు వ్రాసినదే ఈ వ్యాసము.

క్రికెట్టు ఈ నగరమునకు ఆంగ్లేయులతో వచ్చినది. దానిని మనదేశీయులలో మొదట చేపట్టినవారు పారసీకులు. 1892లో యూరోపియనులకును పారసీకులకును నడుమ ఏటేట జరుగు పోటీ ఏర్పడెను. 1907లో హిందువుల జట్టు చేరగా అది మూడు జట్ల పోటీ అయ్యెను. 1912లో ముస్లిముల జట్టు చేరగా నాలుగు జట్లదయ్యెను. 1937లో క్రైస్తవులు మొదలగువారితో కూడిన ‘ఇతరుల’ జట్టును చేర్చి పెంటాంగులర్, అనగా పంచకోణ పోటీ, అని పిలిచిరి. సముద్రతీరమున పారసీ జింఖానా, ఇస్లాం జింఖానా, హిందూ జింఖానా నేటికిని వరుసగా నిలిచియున్నవి. ఆ జింఖానా అను మాట ఈ నగరపు వాడుకలో ఎంతగా పాతుకొన్నదనగా, దాదరులోని మన ఆంధ్ర మహాసభ పేరులో సైతము అది చేరియున్నది.

ఈ విధముగా ఆటను మతముల చొప్పున పంచిరి గాని, ఆ పంపకము ఎంత పెళుసైనదో ఆ జట్ల లోపలనే కనబడును. 1906లో హిందువులు యూరోపియనులను ఓడించినపుడు ఆ గెలుపునకు ముఖ్యకారకులలో ఒకడు పల్వంకర్ బాలూ. ఎడమచేతితో బంతిని త్రిప్పుటలో ఆ కాలమున అతనికి సాటి లేరు. అతడు చర్మకార కులమున పుట్టినవాడు. పూణేలో ఆడుచున్న దినములలో మైదానమున అతడు విసరిన బంతిని అందరు ముట్టిరి. టీ వేళకు మాత్రము అతనికి వెలుపల మట్టిపాత్రలో పోసిరి. ఇంతటి ఆటగానిని హిందూ జట్టునకు నాయకునిగా ఎన్నడును నియమింపలేదు. ఆ గౌరవము 1923లో అతని తమ్ముడు విఠల్‌నకు దక్కెను. జట్టు పేరు ఒకటే అయినంత మాత్రమున లోపల అందరు ఒకటి కారని ఆనాటి కూలిజనము ఎరిగియుండిరి.

మరి మనవారు ఎక్కడ నిలిచిరి? కామాఠీపురమునకు పేరిచ్చిన కామాఠీలు నిజాము రాజ్యపు తెలంగాణమునుండి వచ్చి, ఈ నగరపు కట్టడములకు రాళ్ళు మోసినవారు. తరువాత బట్టల మిల్లులలో పనికి పద్మశాలీలు వచ్చిరి. మా తాతగారు కరీంనగరు జిల్లానుండి అట్లు వచ్చినవారే. దాదరునకు ఆనుకొనియున్న నాయిగావ్ బీడీడీ చాళులో ఒక గదిలో మా కుటుంబము స్థిరపడెను. పంచకోణములో తెలుగువారికని ఒక కోణము లేదు. కాని తెలుగువారికి ఒక మనిషి ఉండెను. ఆయనయే కొఠారి కనకయ్య నాయుడుగారు.

నాయుడుగారు 1895లో నాగపురమున జన్మించిరి. వారి పూర్వులు ఆంధ్రదేశమునుండి అచ్చటికి వలసపోయిన తెలుగువారు. 1916లో హిందూ జట్టున ప్రవేశించిరి. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపున 153 పరుగులు తీసిరి. అందు 11 సిక్సరులు. ఆ వార్త చాళులకు, మిల్లులకు ప్రాకిన తీరును మా తాతగారు ముసలితనమున కూడ వర్ణించెడివారు. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశము ఆడిన మొదటి టెస్టునకు నాయుడుగారే నాయకులు. 1933 డిసెంబరులో మన గడ్డపై జరిగిన మొదటి టెస్టు ఈ బొంబాయిలోనే జరిగెను. దానికిని వారే నాయకులు. వలసపోయిన తెలుగు కుటుంబపు బిడ్డ దేశమునకే నాయకుడయ్యెనని మనవారు పొంగిపోయిరనిన ఆశ్చర్యమేమి?

ఆ కాలపు పంచకోణ పోటీల వైరమును గూర్చి నేడు మిక్కిలి భయంకరముగా వ్రాయుదురు. వైరము కొంత నిజమే. 1937లో క్రొత్త బ్రాబోర్న్ స్టేడియములో తమకు కేటాయించిన ఆసనములు చాలవని హిందూ జింఖానావారు పోటీనుండియే తప్పుకొనిరి. ఆసనములకొఱకు వచ్చిన తగవు అది, మతముకొఱకు కాదు. టిక్కెట్లు అమ్ముడుపోవలెను, పత్రికలు అమ్ముడుపోవలెను. బాబీ తల్యార్‌ఖాన్ రేడియోలో చెప్పు వర్ణనను వినుటకు ఇరానీ హోటళ్ళముందు జనము నిండవలెను. వైరమును పెంచుటలో లాభము పొందువారు ఎప్పుడును ఉందురు. 1940 డిసెంబరులో గాంధీ మహాత్ముడు మతముల పేర జట్లు కట్టుట తనకు సమ్మతము కాదని స్పష్టముగా చెప్పెను. అయినను పోటీ మరి అయిదేండ్లు నడచి, 1946లో శాశ్వతముగా నిలిచిపోయెను.

అయితే మైదానము లోపల ఏమి జరుగుచుండెను? ముస్తాక్ అలీ ఇందూరువాడు. అతని ప్రతిభను బాల్యముననే గుర్తించి తీర్చిదిద్దినవారు నాయుడుగారు. పంచకోణములో గురువు హిందూ జట్టు, శిష్యుడు ముస్లిం జట్టు. రంజీ పోటీలో ఇరువురు హోల్కారు సంస్థానపు జట్టువారే. 1936లో మాంచెస్టరునందు ముస్తాక్ అలీయు విజయ్ మర్చంటును కలిసి మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసిరి. ఇరువురును శతకములు సాధించిరి. పంచకోణమున ఎదురెదురుగా నిలిచినవారే ఇంగ్లండులో ఒకే జంట. ఇట్టి వైరమును గూర్చి ఏమనవలెను? వారము దినములకొకసారి వేసికొని విప్పు వేషము వంటిది అది. ఆడువారు విప్పిరి; చూచువారు మాత్రము కొందరు విప్పలేకపోయిరి.

1945 మార్చి మాసమున మా తండ్రిగారికి ఇరువది ఏండ్లు. మిల్లులో బదిలీ పని. ఆ మాసమున రంజీ అంతిమ పోటీ బ్రాబోర్న్ స్టేడియములో జరిగెను. ఒకవైపు మర్చంటు నాయకుడుగా బొంబాయి; మరియొకవైపు నాయుడుగారు నాయకులుగా హోల్కారు. చాళులోని తెలుగు యువకులు నలుగురు డబ్బులు పోగుచేసి, ఒక్కొక్క దినమున ఒక్కొక్కరు పోయి చూచి వచ్చి, రాత్రి మిగిలినవారికి చెప్పవలెనని ఒప్పందము చేసికొనిరట. మా తండ్రిగారి వంతు వచ్చిన దినమున గేటు చెంత ఒక మరాఠీ మిత్రుడు “నీవు ఎవరి పక్షము?” అని అడిగెనట. “బొంబాయి గెలువవలెను, నాయుడుగారు అవుటు కాకూడదు” అని మా తండ్రిగారు చెప్పిరట. ఇది వినుటకు హాస్యముగా నుండును. కాని మా ఎరుకలో ఇంతకంటె సత్యమైన జవాబు ఈ నగరపు తెలుగువాడెవ్వడును చెప్పలేదు.

ఆ పోటీలో బొంబాయి 374 పరుగుల తేడాతో గెలిచినది. మర్చంటు 278 పరుగులు చేసెను. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్సులలోను శతకములు చేసెను. యుద్ధకాలమున సైనికుడుగా ఈ దేశమునకు వచ్చియున్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కారు పక్షమున 249 పరుగులు చేసి అవుటుగాక నిలిచెను. ఇరుపక్షములు కలిసి చేసిన పరుగులు 2,078. ఒక హిందువు నాయకుడు, ఒక ముస్లిము, ఒక ఆంగ్లేయుడు ఒకే జట్టుగా ఆడుచుండగా, మతముల పోటీ అదే నగరమున ఇంకను నడచుచుండెను. చూడదలచినవారికి కనువిప్పు కలుగుటకు ఆ ఒక్క ఆట చాలును.

అభిమానము విషయమున మా తండ్రిగారికి ధైర్యము ఎల్లప్పుడును ఉండలేదు. 1965లో రంజీ అంతిమ పోటీకి హైదరాబాదు జట్టు ఈ నగరమునకు వచ్చి, బొంబాయి చేతిలో ఒక ఇన్నింగ్సు 126 పరుగుల తేడాతో ఓడినది. ఆ సాయంకాలము పొరుగు గది మరాఠీ కాకా పేడాలు తెచ్చి పంచెను. “ఓడినది మా ఊరు, గెలిచినది మా వాడ, పేడా తినక ఏమి చేయుదును?” అని మా తండ్రిగారు నవ్వుచు తినిరి. కాకాయు నవ్వెను. కాని మరి రెండు మూడేండ్లలో గాలి మారెను. దక్షిణాదివారు ఉద్యోగములన్నియు తన్నుకొనిపోవుచున్నారను మాట వీథులలో వినబడసాగినది. మరాఠీ రానివారిని, వచ్చినను యాస కలవారిని అందరిని కలిపి ‘మద్రాసీ’ అని పిలుచుట ఆరంభమైనది. అప్పుడు మా తండ్రిగారు మమ్ము పిలిచి, “గెలిచినపుడు చప్పట్లు కొట్టుము, ఓడినపుడు నోరు మూసికొనుము, ఎవరు గెలిచిరని మాత్రము అడుగకుము” అని బుద్ధి చెప్పిరి. చిన్నతనమున అది తెలివి అనుకొంటిమి. అది భయమని పెద్దయిన పిదప తెలిసినది. ఏ జట్టును మెచ్చుకొనుచున్నావను ప్రశ్న వెనుక ‘నీవు మావాడవేనా?’ అను ప్రశ్న దాగియున్నపుడు ఆట ఆటగా మిగులదు.

ఆ భయము 1971లో కొంత సడలినది. దాదరు శివాజీ పార్కు మైదానముల బిడ్డ అజిత్ వాడేకర్ నాయకత్వమున భారతజట్టు వెస్టిండీసును, తరువాత ఇంగ్లండును వారి గడ్డలపైననే ఓడించినది. వెస్టిండీసులో సునీల్ గవాస్కర్ నాలుగు టెస్టులలో 774 పరుగులు చేసెను. ఆ అయిదు టెస్టులలోను వికెట్ల వెనుక నిలిచినవాడు హైదరాబాదునకు చెందిన పోచయ్య కృష్ణమూర్తి. ఇంగ్లండులో ఓవల్ మైదానమున గెలుపు పరుగులు కొట్టినవాడు హైదరాబాదు అబిద్ అలీ. మాకు అప్పుడు పండ్రెండేండ్లు. చాళు వసారాలో ఒకే రేడియో చుట్టు మరాఠీవారు, తెలుగువారు కూడియుండిరి. గెలుపు పరుగులు వినబడగానే కాకా మా తండ్రిగారి భుజము చరచి, “మీ హైదరాబాదువాడే కొట్టినాడు!” అనెను. మా తండ్రిగారు “మీ దాదరువాడే కొట్టించినాడు” అనిరి. ఆ దినమున ఎవరును ఎవరి పక్షమని అడుగలేదు.

దాదరులో పెరిగినవారికి వైరము అనగా ఏమో నేర్పినవి వాస్తవమునకు రెండు సంఘములు: దాదర్ యూనియను, శివాజీ పార్కు జింఖానా. వర్షకాలమున బురదలో జరుగు కాంగా లీగు 1948లో ఆరంభమైనది. ఆ లీగులో ఈ రెండు సంఘములు తలపడినపుడు వేలజనము గొడుగులు పట్టుకొని నిలిచెడివారు. మాధవ మంత్రి, గవాస్కర్, వెంగ్‌సర్కార్ దాదర్ యూనియనువారు. వాడేకర్, సందీప్ పాటిల్ శివాజీ పార్కువారు. ఒకే పేటలోని రెండు సంఘములకు ఇంత పోటీ ఏమని వెలుపలివారు నవ్వెడివారు. కాని ఆదివారము ఎదురెదురుగా పోరాడినవారే మరునాడు బొంబాయి టోపీ పెట్టుకొని ఒకే జట్టుగా ఆడిరి. 1959 మొదలు 1973 వరకు వరుసగా 15 సంవత్సరములు బొంబాయి రంజీ కప్పును విడువకపోవుటకు ఇట్టి ఇరుగుపొరుగు పోటీయే మూలమని మా నమ్మకము. మంచి పోటీ ఎదుటివానిని పెంచును.

1982 జనవరిలో మిల్లుల సమ్మె ఆరంభమైనది. రెండు లక్షలకు పైబడిన కార్మికులు వీథిన పడిరి. మా చాళులోని తెలుగు కుటుంబములు కొన్ని భీవండికి, కొన్ని స్వగ్రామములకు చెదరిపోయినవి. మా పినతండ్రిగారు సిరిసిల్లకు తిరిగిపోయిరి. 1987లో హైదరాబాదు జట్టు రంజీ కప్పు గెలిచినపుడు ఆ వార్త తెచ్చినవానిని “అది సరే, మన బొంబాయి ఎక్కడ ఓడినది?” అని వారు అడిగిరట. ఊరివారు వారిని ‘బొంబాయివాడు’ అని పరిహాసము చేసిరట. ఇక్కడ ఉండగా వారు హైదరాబాదు పేరు చెప్పి కలహించెడివారు. మనిషి విడిచివచ్చిన చోటును గూర్చియే ఎక్కువ అభిమానము చూపును గాబోలు.

2000 ఏప్రిలులో వాంఖడే స్టేడియమున ముంబయికిని హైదరాబాదునకును మరల రంజీ అంతిమ పోటీ జరిగెను. ఆ సంవత్సరము వి.వి.యస్. లక్ష్మణ్ రంజీ పోటీలలో 1,415 పరుగులు చేసి రికార్డు నెలకొల్పెను. మేము సెలవు పెట్టి మా కుమారుని వెంటబెట్టుకొని పోయితిమి. “నాయనా, మనము ఎవరి పక్షము?” అని వాడు అడిగెను. మేము మా తండ్రిగారు చెప్పిన జవాబునే మార్చి చెప్పితిమి: “ముంబయి గెలువవలెను, లక్ష్మణ్ అవుటు కాకూడదు.” ముంబయి 297 పరుగుల తేడాతో గెలిచినది. మా కుమారుడు ఇరుపక్షములకును చప్పట్లు కొట్టెను. నోరు మూసికొమ్మని వానికి మేము చెప్పలేదు. మా కుటుంబమున మూడు తరములలో వచ్చిన మార్పు అంతయు అదియే.

నేడు ఐపీఎల్ కాలము. 2008లో హైదరాబాదు పేర దక్కన్ ఛార్జర్స్ జట్టు వచ్చి, 2009లో కప్పు గెలిచినది. 2010లో తెలంగాణ ఉద్యమకారణమున ఆ జట్టు తన సొంత ఆటలను హైదరాబాదున ఆడలేక, కొన్నింటిని మన నవీ ముంబయిలో ఆడినది. 2012తో ఆ జట్టే లేకుండ పోయినది. 2013 నుండి సన్‌రైజర్స్ అను వేరొక జట్టు వచ్చినది. ఇక ఆటగాండ్ర సంగతి చూడుడు. రోహిత్ శర్మ తల్లి విశాఖపట్టణమువారు. అతడు నాగపురమున పుట్టి ముంబయిలో పెరిగి, మొదట హైదరాబాదు జట్టున ఆడి, తరువాత ముంబయికి నాయకుడై అయిదు కప్పులు తెచ్చెను. గుంటూరు అంబటి రాయుడు 2010 నుండి 2017 వరకు ముంబయికి ఆడెను. హైదరాబాదు తిలక్ వర్మ 2022లో ముంబయి జట్టున చేరెను. ముంబయివాడు హైదరాబాదునకు, తెలుగువాడు ముంబయికి ఆడుచుండగా, ప్రకటనలలో మాత్రము సింహనాదములు, తొడగొట్టుటలు, ‘మహాసంగ్రామము’ అను బిరుదులు. ఆ వైరము జట్లలో లేదు. అమ్ముకొనువారి అంగడిలో కలదు.

మా మనుమని బేస్‌బాల్‌లోను ఇదే కథ. బోస్టను తన గొప్ప ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్కునకు అమ్మినది; 1918 పిమ్మట మరల 2004 వరకు బోస్టనునకు కిరీటము దక్కలేదు. అంతకాలము వేచినవారి అభిమానము నిజమైనదే, దానిని తప్పుపట్టరాదు. కాని అదే న్యూయార్కులోని బ్రుక్లిన్ ప్రజలు ప్రాణముగా చూచుకొన్న డాడ్జర్స్ జట్టును దాని యజమాని 1957 ఆటల పిమ్మట లాస్ ఏంజెలెస్‌నకు తరలించుకొని పోయెను. జట్టు యజమానిది; ప్రజలది అభిమానము మాత్రమే. యజమాని ఊరు మార్చగలడు గాని అభిమానమును మూటగట్టి తీసికొనిపోలేడు.

మేము ఎన్నడును బాగుగా ఆడినవారము కాము. గుమాస్తాగా పనిచేసిన 36 సంవత్సరములలో కార్యాలయపు జట్టునకు స్కోరు వ్రాయువారముగా మాత్రము చాల మైదానములు తిరిగితిమి. ఇరుపక్షముల స్కోరు వ్రాయువారు ఒకే బల్ల వద్ద కూర్చుందురు. ఓవరు ముగిసినపుడెల్ల ఒకరి లెక్క నొకరు సరిచూచుకొందురు. ఎదుటి జట్టు కొట్టిన ఫోరును మన పుస్తకమున వ్రాయకున్నచో మన లెక్కయే తప్పును. ఒకసారి మా జట్టు నాయకుడు ఎదుటివారికి ఒక పరుగు తగ్గింపుమని మా చెవిలో చెప్పగా మేము అంగీకరింపలేదు. ఆ పిమ్మట రెండు మాసములు మాతో మాటలాడలేదు. ఆ ఆటలో మా జట్టు ఒక పరుగుతోనే ఓడెను. నేటికిని దానికి మేము విచారింపము.

మా మనుమడు తిరిగిపోవునపుడు విమానాశ్రయములో మరల అడిగెను. “గిట్టని జట్టు మాకు లేదు నాయనా. నచ్చిన జట్లు రెండు కలవు” అని చెప్పితిమి. “రెండు ఎట్లుండును?” అని వాడు నొసలు ముడిచెను. “నీకును ఉండును. నీవు బోస్టనువాడవు, దాదరువాడవును” అంటిమి. వాడు నమ్మినట్లు లేదు. పెద్దవాడైన పిదప ఎవరైన వానిని “నీవు ఎవరి పక్షము?” అని గద్దించి అడిగినపుడు ఈ మాట జ్ఞాపకము వచ్చునేమో!

ఈ సంచికను చదువు కుటుంబములలో వాంఖడేకు, బ్రాబోర్న్‌నకు, శివాజీ పార్కునకు నడిచిపోయిన పెద్దలు ఇంకను ఉందురు. వారిని కూర్చుండబెట్టి అడుగుడు. ఎవరు గెలిచిరని కాదు. ఆనాడు తాము ఎవరి ప్రక్కన కూర్చుంటిరని అడుగుడు. మన చరిత్ర అందులో కలదు.